పాటలో ఈల, చెవిలో ఈల

కారులో ఆంప్లిఫయర్ బిగించుకున్న మిత్రులు తరచుగా చెప్పే మాట ఒకటున్నది. పాటతో పాటు సన్నని ఈల వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ దాని స్వరం పైకి పోతుంది. అది వినపడకుండా పాట శబ్దం పెంచుతారు. విశ్రాంత వైద్యునికి ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. నన్ను కలవరపెట్టేది ఆ పెంచడమే.

ఈలకు మూలం ఆల్టర్నేటర్. అందులో మొదట పుట్టేది ఏసీ విద్యుత్తు. డయోడ్లు దానిని డీసీగా మార్చినా కొంత అల మిగిలిపోతుంది. స్టీరియోకు ఎర్త్ డ్యాష్‌బోర్డు వద్ద, ఆంప్లిఫయర్‌కు డిక్కీలో ఉంటుంది. ఆ రెండు చోట్లకు నడుమ కొద్దిపాటి వోల్టేజి తేడా ఏర్పడితే చాలు, ఆ అల ఆర్‌సీఏ తీగల గుండా పాటలో కలుస్తుంది. ఈసీజీ తీసిన వారికిది కొత్త కాదు. ఎర్త్ సరిగా లేకపోతే గుండె గీత మీద 50 హెర్ట్జ్ కరెంటు వణుకు ఎక్కుతుంది. అప్పుడు మేము రోగికి మందు రాయము. తీగలను, ప్లగ్గును చూస్తాము.

నారాయణపేట నుండి మక్తల్ మీదుగా రాయచూరుకు కిరాయి కారు నడిపే ఒక యువకుడు చెవిలో ఈల అంటూ నన్ను అడగవచ్చాడు. ఎండాకాలం అద్దాలు మూసుకొని, రోజుకు ఏడెనిమిది గంటలు హోరెత్తే పాటల మధ్య అతని పని. చెవుల సంగతి చూస్తూనే, కారును కూడా పరీక్షించమన్నాను. స్టీరియో ఆపి, ఆంప్లిఫయర్ నుండి ఆర్‌సీఏ తీగలు ఊడదీసి, మళ్లీ నడపగా ఈల ఆగింది. అంటే స్పీకర్ల తీగల దోషం కాదు, ఈల ఆర్‌సీఏ దారినే వస్తున్నది. తీగలు తిరిగి తగిలించి, ఇంజను నడుస్తుండగా ఆంప్లిఫయర్ ఎర్త్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మల్టీమీటరు పెడితే దాదాపు అర వోల్టు చూపింది. సున్నాకు దగ్గరగా ఉండవలసినది! చూస్తే, ఎర్త్ తీగ రంగు పూసిన రేకు మీదే బిగించి ఉన్నది. రంగు గీకి, ఇనుము తేలిన చోట, పవర్ తీగంత లావు తీగను మూరెడు లోపే బిగించగానే ఈల పోయింది. ఆర్‌సీఏ తీగలను పవర్ తీగకు ఆవలి పక్క నుండి తేవడం కూడా మంచిది. గెయిన్ మరను శబ్దం పెంచే మరగా భావించి చివరి దాకా తిప్పేవారున్నారు. దానితో పెరిగేది రొద.

అదే కారులో బ్యాటరీ నుండి వచ్చే తీగకు ఫ్యూజు లేదు. ఈలకన్నా ఇది ఎంతో ప్రమాదకరం. తీగ పైతోలు అరిగి రేకుకు తగిలితే మంటలు లేస్తాయి. బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి, ఆ తీగ మోయగల ఆంపియర్లను మించరాదు.

ఇక చెవి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. ఆ యువకుని ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ వద్ద గీత అప్పటికే కిందికి దిగి ఉన్నది. కారు దిగిన తరువాత కూడా మీ చెవిలో ఈల వినిపిస్తుంటే ఈఎన్‌టీ వైద్యుని కలిసి ఆ పరీక్ష చేయించుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానితే మాత్రం రేపటి దాకా ఆగకండి.