రాతినేల గులాబీలు



2023 జూన్ నెలలో దేవుని కృపనుబట్టి హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయను చూచే భాగ్యం నాకు కలిగింది. మొరేవియన్ మిషనెరీలు సేవచేసిన కేలాంగ్ ఊరు చూడాలని నా ఆశ. తోడుగా వచ్చిన మా సంఘపెద్ద బోటనీ లెక్చరరుగా రిటైరైన మాస్టారు. అడవి గులాబీలు చూడాలని ఆయన ఆశ.

"దానికింత దూరం ఎందుకు మాస్టారూ, కడియం నర్సరీలకు పోతే చాలదా?" అని నవ్వాను.

"అవి మనుషులు పెంచినవి అయ్యగారూ. ఇవి దేవుడు నాటినవి" అన్నారాయన.

మనాలి దగ్గర ఒక చెట్టుమీదికి తీగ పాకి, తెల్లని పూల గుత్తులతో నిండి ఉంది. ఏదో మల్లెజాతి అనుకున్నాను. అది గులాబీయేనట! రెక్క మందారంలా ఐదే రేకులు. మన ముద్ద గులాబీలోని అదనపు రేకుల్లో చాలావరకు కేసరాలే అలా రేకులుగా మారినవని మాస్టారు చెప్పారు.

"మరి గులాబీ అని ఎలా పోల్చుకోవాలి?" అని అడిగాను. ఆయన ఒక ఆకు చూపించారు. వేపాకులాగే ఒక ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు, చివర ఒకటి. ఆకు కాడ మొదట్లో రెండు సన్నని రెక్కలు కాడకు అతుక్కుని ఉన్నాయి. తరువాత ముల్లును బొటనవేలితో పక్కకు నొక్కారు, అది శుభ్రంగా ఊడివచ్చింది. నిమ్మముల్లు లోపలి కట్టెలోనుండి పుడుతుంది, గులాబీ ముల్లు పైచర్మంలోనుండే పుడుతుంది. ఈ తీగ ముళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి, వాటితోనే అది చెట్టెక్కుతుంది. పువ్వు నడుమ కీలాలన్నీ కలిసి ఒకే స్తంభంలా నిలబడ్డాయి. దాని పేరు రోసా బ్రునోనీ.

మరునాడు అటల్ సొరంగంలోనుండి వెళ్లాము. 2020 అక్టోబరులో తెరచిన ఆ సొరంగం పొడవు తొమ్మిది కిలోమీటర్లు. ఇవతల దేవదారు అడవులు, వాన తడి. అవతల ఎండిన రాతి కొండలు, ఎందుకంటే వానమబ్బులను మధ్యనున్న పర్వతాలు అడ్డగిస్తాయి. ఆ రాళ్ల మధ్య గులాబిరంగు పూల పొదలు!

"నిన్నటి గులాబీయే, రంగు మారింది" అన్నాను.

"రంగు చూసి తీర్పు చెప్పకండి అయ్యగారూ. రంగు ఎండకు వెలిసిపోతుంది. ముల్లు చూడండి, ఆకు చూడండి."

చూశాను. ముళ్లు సన్నగా, తిన్నగా, పసుపు ఛాయతో, ఆకుల కింద జంటలుగా ఉన్నాయి. ఆకులు చిన్నవి, గుండ్రనివి. పూలు గుత్తులు కావు, ఎక్కువగా ఒంటివి. కీలాలు స్తంభంగా కలవలేదు. ఇది రోసా వెబ్బియానా. పోయిన ఏటి ఎండుకాయలు రెండు ఇంకా కొమ్మకు ఉన్నాయి. వాటి తలమీద రక్షకపత్రాలు కిరీటంలా నిలిచే ఉన్నాయి. నిన్నటి తీగకైతే కాయ పండేసరికి అవి రాలిపోతాయట. "పువ్వుతో తేలనిది కాయతో తేలుతుంది" అన్నారు మాస్టారు.

సాయంకాలానికి కేలాంగ్ చేరాము. యేష్కే అనే జర్మన్ మిషనెరీ 1857లో ఇక్కడికి వచ్చి టిబెటు భాష నేర్చి, నిఘంటువు కూర్చి, క్రొత్త నిబంధనలో చాలాభాగం తర్జుమా చేశాడు. 1883లో ఆయన ప్రభువునందు నిద్రించాడు. ఆ క్రొత్త నిబంధన అచ్చయినది 1885లో. ఇక్కడ విశ్వసించినవారు కొద్దిమందే. పైకి చూచేవారికి ఆయన సేవ పూయని పొదలా కనిపించి ఉండవచ్చు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘంలో ఒక కూలి సోదరుడున్నాడు. ఆరాధనకు ఎప్పుడూ ఆలస్యమే, కానుక పళ్లెంలో వేసేదీ తక్కువే. సంఘపెద్దగా అతని పేరు వచ్చినప్పుడు "భక్తి లేనివాడు" అని నేనే కొట్టివేశాను. ఆ మాట అతని భార్య చెవిని పడింది. మూడు నెలలుగా ఆ ఇంటివారు గుడికి రావడం లేదు.

మెలకువగా ఉన్న మాస్టారితో ఈ సంగతి చెప్పుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "పక్షవాతం వచ్చిన పొరుగింటి ముసలాయనకు ప్రతి ఆదివారం పొద్దున స్నానం చేయించి, అన్నం తినిపించి వస్తాడు అయ్యగారూ. ఆ ముసలాయన మన సంఘస్థుడు కూడా కాదు. ఆ రోజు మీరు ఎవరి మాటా వినలేదు" అన్నారు.

ఊరు చేరగానే పెట్టె దింపి వారి ఇంటికి వెళ్లాను. అతడు నులకమంచం వాల్చాడు. నేను కూర్చోకుండానే, "తమ్ముడూ, నన్ను క్షమించు" అన్నాను. అతడు తలవంచుకుని, "మంచినీళ్లు తాగండి అయ్యగారూ" అన్నాడు. అతని భార్య లోపలినుండి రాలేదు.

రెండు వారాల తరువాత అతడు గుడికి వచ్చాడు, ఎప్పటిలాగే ఆలస్యంగా. నేను ప్రసంగం ఆపి, ముందు చాపమీద చోటు చూపించాను. చెల్లెమ్మ ఇంకా రాలేదు. ఆమెకు తగిలిన ముల్లు నేను గుచ్చినదే గనుక ఆమెకొరకు ప్రతిదినము ప్రార్థిస్తున్నాను.

ప్రియులారా, ఫలములనుబట్టి తెలిసికొనుడని మత్తయి 7వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన పాఠమును ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. పొద దగ్గరకు వెళ్లి, వంగి, కొమ్మను చేతబట్టి చూడవలెనని మాత్రం లాహౌల్‌లోనే నేర్చుకున్నాను. మీ సంఘములో వెనుక వరుసలో కూర్చునేవారి ఇంటికి ఈ వారమే ఒకసారి వెళ్లి రండి. ప్రభువు మనకు చూచే కన్నులు దయచేయును గాక. ఆమేన్.