కనుమ దాటిన సారె

కనుమ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే మినప గారెలూ, కోడికూరా! కనుమ నాడు మినుము తినాలనీ, కాకి కూడా ఊరు కదలదనీ మా అమ్మ ఏటా చెప్పేది. కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. మా పుట్టింటి డాబా ఎక్కి చూస్తే నాలుగు దిక్కులా నీళ్ళూ, చేలూ, చేపల చెరువుల గట్లూ తప్ప మిట్ట అన్నది కనపడదు. మాకు కొండంటే చినతిరుపతే. దాన్నీ బస్సే ఎక్కేస్తుంది. అలాంటి నాకు, రెండు కొండల నడుమ జనం దాటే దారిని కూడా కనుమ అంటారని నలభై అయిదో ఏట, కాళ్ళు బొబ్బలెక్కాక గానీ ఒంటబట్టలేదు.

2024 ఉగాదికి రెండు వారాల ముందు మా అక్క ఫోన్ చేసింది. "మా ఊరివాళ్ళతో శ్రీశైలం నడిచి వెళ్తున్నానే. అడవి దారిన. నువ్వు ఆత్మకూరు దగ్గర కలుస్తావా?" అంది. మామూలుగా మేమిద్దరం ఫోనులో వానల గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటాం. పుట్టింటి మాట మాత్రం ఎత్తం. అందుకే, అది రమ్మని పిలిచేసరికి ముందూ వెనకా చూడకుండా "వస్తా" అనేశాను. మావారు నవ్వారు. "కూరగాయల బజారుకి ఆటో కావాలంటావు, నువ్వు నల్లమల నడుస్తావా?" అన్నారు.

అక్క సంగతి చెప్పాలి మీకు. దాన్ని కర్ణాటకలో, గంగావతి దగ్గర క్యాంపులో ఇచ్చారు. క్యాంపంటే డేరాలనుకునేరు! 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి కాలవలకి నీళ్ళొచ్చాక, మన గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు అక్కడికి వెళ్ళి భూములు కొనుక్కుని వరి పండించారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళకి ఇప్పటికీ క్యాంపులనే పేరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. అక్క కూడా ఈ ముప్పై ఏళ్ళలో రెండూ కలిపి మాట్లాడటం నేర్చేసింది.

2006లో కొల్లేట్లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, గుర్తుందా? మా నాన్న చెరువూ అందులోనే పోయింది. అప్పు మిగిలింది. సరిగ్గా అప్పుడే అక్క వచ్చి, పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇస్తామన్న ఎకరం మాటేమిటని అడిగింది. అడిగిన సమయం మంచిది కాదు, నిజమే. కానీ అన్నయ్య అన్న మాట అంతకన్నా మంచిది కాదు. "ఉన్నది పోయి మేమేడుస్తుంటే, ఇంకా ఊడ్చుకుపోవడానికి వచ్చావా?" అన్నాడు. నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. 2011లో అమ్మ పోయినప్పుడు అక్క వచ్చింది, కార్యం అయ్యేదాకా ఉంది, ఆ ఇంట్లో విస్తరి ముందు కూచోకుండానే వెళ్ళిపోయింది. తర్వాత పండక్కి పిలుపు లేదు, సారె లేదు.

సరే, ప్రయాణం. సున్నుండలు రెండు డబ్బాలు చేసుకున్నాను. అక్కకో చీర కొన్నాను. విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, గిద్దలూరు దాటాక రైలు నల్లమలలోకి దూరి, సొరంగం దాటి నంద్యాల వైపు దిగింది. నంద్యాల నుంచి బస్సులో ఆత్మకూరు, అక్కణ్ణించి వెంకటాపురం. అడవిలోకి నడక మొదలయ్యేది అక్కడే.

ఏం జనమండీ! రాయచూరు, బాగల్‌కోట, బెళగావి వైపు నుంచి వారాల తరబడి నడిచి వచ్చినవాళ్ళు. ముసలివాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు. మరకాళ్ళ మీద నడిచేవాళ్ళని కూడా చూశాను, మొక్కట. పాదాలకి గుడ్డలు చుట్టుకుని, "మల్లయ్యా" అని కేకేసుకుంటూ పోతున్నారు. ఏటా ఉగాదికి ఇలా లక్షల్లో వస్తారు. అది పులుల అడవి. శివరాత్రికీ ఉగాదికీ తప్ప మామూలు రోజుల్లో ఈ దారిన నడవనివ్వరు.

అక్క నన్ను చూడగానే నా మొహం కూడా చూడలేదు, కాళ్ళ వంక చూసింది. "ఆ చెప్పులతో నడవలేవే, ఇవి వేసుకో" అని సంచీలోంచి మెత్తటి చెప్పులు తీసిచ్చింది. పదమూడేళ్ళ తర్వాత ఎదురుపడి మేం మాట్లాడుకున్న మొదటి మాట అది.

వాళ్ళ గుంపులో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. అందరూ అజ్జీ అంటారు. నెత్తి మీద చిన్న మూట. నాగలూటి గుడి దగ్గర నీడన కూచున్నప్పుడు ఆ మూట విప్పి నాకు రొట్టె పెట్టింది. ఖడక్ రొట్టెలంటారు. జొన్నరొట్టెని పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, మళ్ళీ సన్నటి సెగన తడి లేకుండా ఆరబెడతారు. అప్పడంలా పెళపెళలాడతాయి. వారాల తరబడి పాడవవు. పల్లీల పొడి నంజుకుని తినడమే. మన సున్నుండ వాళ్ళకిచ్చి వాళ్ళ రొట్టె నేను తిన్నాను. (ఇంటికొచ్చి నేనూ చేశాను లెండి. నాది పీట చెక్కలా వచ్చింది. పిండి తట్టడం వాళ్ళకే చెల్లు.)

మూటలో రొట్టెలతోపాటు కొత్త ఇల్కల్ చీర, గాజులు, పసుపు, కుంకుమ ఉన్నాయి. ఎవరికని అడిగాను. "నమ్మ మగళు" అంది. మా కూతురు అని. కూతుర్ని శ్రీశైలంలో ఇచ్చారేమో అనుకున్నాను! అక్క నవ్వి చెప్పింది, ఆ కూతురు భ్రమరాంబ అట. కన్నడం వాళ్ళకి అమ్మవారు తమ ఇంటి ఆడపిల్ల. మల్లయ్య అల్లుడు. ఏడాదికోసారి కొత్త సంవత్సరానికి సారె పట్టుకుని కూతురింటికి నడిచి వెళ్తారు.

రాత్రి పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. అక్కడ చెంచుల గూడెం ఉంది. పూర్వం యాత్రికులకి ఈ అడవిలో దారి చూపిందీ, కాపలా కాసిందీ చెంచులే. ఇంటికొచ్చాక లైబ్రరీ నుంచి ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర తెచ్చుకుని చదివాను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం మీదుగా వచ్చి, శ్రీశైలం కూడా చూసుకుని వెళ్ళారు. అప్పటి ఊళ్ళూ, దారులూ, ఎక్కడేం దొరుకుతుందీ అన్నీ స్నేహితుడికి ఉత్తరాలుగా రాశారు. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. ఆ రోజుల్లో కర్నూలు నవాబు మనుషులు శ్రీశైలం వెళ్ళే యాత్రికుల దగ్గర సుంకం వసూలు చేసేవారట. దేవుణ్ణి చూడ్డానికీ పన్నే!

ఆయనకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్ర కోసం ఏకంగా పర్వత ప్రకరణం రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. 1677లో గోల్కొండ నుంచి దక్షిణాదికి వెళ్తూ శివాజీ కూడా శ్రీశైలం వచ్చాడు. రాజుల సంగతి వదిలెయ్యండి, వాళ్ళకి గుర్రాలూ పల్లకీలూ ఉంటాయి. నాకు ఆశ్చర్యమనిపించింది అక్క మహాదేవి. పన్నెండో శతాబ్దం మనిషి. ఎక్కడో శివమొగ్గ వైపు ఉడుతడిలో పుట్టింది. రాజుగారి ఇల్లు కాదనుకుని, కల్యాణ పట్నం మీదుగా ఒంటరిగా నల్లమల చేరి, మల్లికార్జునుడే మొగుడంది. ఇప్పుడు గుంపులో నడుస్తూ, టార్చిలైటు చేతిలో ఉండి, ఆకు కదిలితే నేను అక్క కొంగు పట్టుకుంటున్నాను!

రెండో రోజు భీముని కొలను. పేరు కొలను కదా, మా కొల్లేరు కాకపోయినా కనీసం ఓ ఊరచెరువంత ఉంటుందనుకున్నాను. వెళ్ళి చూద్దును కదా, అదొక పెద్ద లోయ. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టి నీళ్ళు తెప్పించాడని కథ. రాళ్ళ నడుమ కాసిని నీళ్ళు, అంతే. ఇవతలి కొండ మెట్లు దిగి లోయలోకి వెళ్ళాలి, అవతలి కొండ మెట్లెక్కి కైలాసద్వారం దగ్గర తేలాలి. దారంతటికీ కష్టం ఇక్కడే. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతాయి, ఎక్కేటప్పుడు ఊపిరందదు. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. జనం పది మెట్లకోసారి కూలబడుతున్నారు.

అక్కడ కూచున్నప్పుడే నేను అజ్జీని అడిగాను, అక్క చేత అడిగించాననాలి. "ఇప్పుడు గుడి దాకా బస్సులొచ్చాయి కదా, ఈ వయసులో నడక ఎందుకూ?" అని. ఆవిడ నీళ్ళు తాగి, నింపాదిగా ఏదో చెప్పింది. అక్క వెంటనే తెలుగులో చెప్పలేదు. కాసేపు లోయలోకి చూసి అప్పుడు చెప్పింది.

"పుట్టింటివాళ్ళు తొంగిచూడకపోతే అత్తింట్లో పిల్లకి విలువేం ఉంటుంది, అంటోంది."

నేను తల దించుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక సంచీ తెరిచి, తెచ్చిన చీర తీసి అక్క ఒళ్ళో పెట్టాను. సమయం సందర్భం లేకుండా, ఆ మెట్ల మీద! అక్క చీర అంచు తడిమి చూసింది.

"అన్నయ్య పంపాడా?" అంది.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. కానీ అజ్జీ నా మొహంలోకే చూస్తోంది, భాష రాకపోయినా.

"లేదక్కా. నేనే కొన్నాను."

"ఆ రోజు నువ్వు వంటింటి గుమ్మంలో ఉన్నావు కదే?"

"ఉన్నాను."

"వంకాయలు తరుగుతున్నావు."

"అవును."

పద్దెనిమిదేళ్ళుగా అది మర్చిపోలేదు. ఎకరం గురించి ఒక్క మాట ఎత్తలేదు చూడండి, వంకాయల గురించి అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. అక్క ఏడవలేదు. చీర మడత చెడకుండా తన సంచీలో పెట్టుకుంటూ, "ఇది అమ్మవారికి ఇచ్చేద్దాం. నాకు రావాల్సింది వేరే ఉంది" అని లేచింది. అజ్జీ చెయ్యి పట్టుకుని లేపింది. మిగిలిన మెట్లు ముగ్గురం అలాగే ఎక్కాం, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.

కైలాసద్వారం నుంచి హటకేశ్వరం మీదుగా గుడికి దారి అంత కష్టం కాదు. గుళ్ళో ఇసుక వేస్తే రాలనంత జనం. అజ్జీ ఇల్కల్ చీర, మా చీర ఒకే పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. బయటికొచ్చాక అజ్జీ గోడవారగా కూచుని, మూటగుడ్డ దులిపి మడత పెట్టుకుంది. కూతుర్ని చూసొచ్చిన తల్లి మొహం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

తాడేపల్లిగూడెం వచ్చిన వారానికి కొల్లేటికి వెళ్ళి అన్నయ్యకి జరిగిందంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, నా వంకాయల సంగతీ చెప్పాను. విన్నాడు. టీవీ సౌండు పెంచాడు. వదిన నన్ను గేటు దాకా సాగనంపుతూ, "మీ అన్నయ్య సంగతి తెలుసు కదమ్మా" అంది. ఆ సంక్రాంతికి కూడా అక్కకి పిలుపు వెళ్ళలేదు. మళ్ళీ ఉగాదికి మాత్రం నాకు డబ్బు పంపి, అక్కకి చీర కొని పార్సిల్ చెయ్యమన్నాడు. నేను డబ్బు తిప్పి పంపేశాను. "అన్నయ్యా, నీ చేత్తో తీసుకెళ్తే వెళ్ళు, పార్సిల్ నేను చెయ్యను" అన్నాను. అలా అనడం జీవితంలో అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక చేతులు చల్లబడిపోయాయి.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్. కుశలప్రశ్నలేం లేవు.

"అమరావతి ఎక్కితే, దిగాల్సింది హోస్పేటలోనా, కొప్పళలోనా?"

"హోస్పేటలో దిగు. అక్కణ్ణించి గంగావతికి బస్సులుంటాయి."

"ఊఁ" అన్నాడు. కాసేపాగి, "చలిమిడి అంత దూరం పాడవకుండా ఉంటుందా?" అన్నాడు.

పాకం ముదరనిస్తే ఉంటుందని చెప్పాను. వదినకి చలిమిడి కుదరదు, నాకు తెలుసు. పొద్దున్నే లేచి బియ్యం నానబోశాను.