కనిపించని వాలు

టెన్నిస్ కోర్టు చూడగానే నేల ఎంత చదునుగా ఉందో అనిపిస్తుంది. ఆరుబయట వేసిన సిమెంటు, తారు కోర్టులు మాత్రం చదునుగా ఉండవు. పదడుగులకు దాదాపు అంగుళం చొప్పున ఒక పక్కకు వాలి ఉంటాయి. లేకుంటే వాననీరు కదలదు. 60 అడుగుల వెడల్పున లెక్కవేస్తే ఒక అంచు రెండోదానికన్నా అరడుగు దిగువ. దాని మీద పరుగెత్తే ఆటగాడికి ఆ సంగతి తెలియదు. తెలియనివ్వకపోవడమే కట్టినవాడి నేర్పు. మన డాబాల మీద మేస్త్రీ పెట్టిన వాలు ఇందుకు విరుద్ధం: వాన వెలిశాక నడిమధ్యన మడుగు కట్టి మరీ తన ఉనికి చాటుకుంటుంది.

అమెరికాలో ఇలాంటి కోర్టులు, ట్రాకులు కట్టేవాళ్లకు 1965 నుంచి ఒక సంఘం ఉంది. ఇప్పుడు దాని పేరు అమెరికన్ స్పోర్ట్స్ బిల్డర్స్ అసోసియేషన్. ఒకే టెండరుకు పోటీపడి ధర తగ్గించుకునేవాళ్లే అక్కడ పక్కపక్కన కూర్చుని, వాలు ఎంతుండాలో, పునాది ఎలా వేయాలో కలిసి రాసుకుంటారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని, ఒర కొలతలు కత్తులే నిర్ణయించుకుంటే ఇమడవచ్చునేమో. ఆ మాటకొస్తే నెట్‌కు అటూ ఇటూ నిలబడేవాళ్లు కూడా ముందు గీతల విషయంలో రాజీపడ్డవాళ్లే.

సభ్యుల విభజన మరీ ముచ్చటగా ఉంటుంది. పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ అని కాదు. కాలికింద ఉండేదాన్ని బట్టి. కోర్టులవారు, ట్రాకులవారు, మైదానాలవారు, ఇండోర్ వారు. సరుకు అమ్మేవారిదీ నక్షా గీసేవారిదీ వేరే వరస. ఎవరి పట్టింపులు వారివి. ట్రాకు చుట్టుకొలత 400 మీటర్లకు రవ్వంత కూడా తగ్గకూడదు, 4 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. ఆ కొలిచేది లోపలి గట్టుకు 30 సెంటీమీటర్ల అవతల, ఎవరూ గీయని గీత వెంట. రికార్డులన్నీ ఆ లేని గీత మీదే నిలబడి ఉన్నాయి.

ఈమధ్య పికిల్‌బాల్ వచ్చి ఈ ఇంట్లో చేరింది. 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు చాలు దానికి. పాత టెన్నిస్ కోర్టు జాగాలో నాలుగు సంసారాలు పెట్టేస్తుంది. అద్దెకు వచ్చినవాళ్లు ఇంటివాళ్లకన్నా ఎక్కువైతే గదుల పేర్లు ఎవరు మార్చాలన్నది ప్రతి సంఘానికీ వచ్చే చిక్కే.

నాకు నచ్చిన ఏర్పాటు మరొకటుంది. సభ్యత్వం కంపెనీది; పరీక్ష రాసి తెచ్చుకునే ‘సర్టిఫైడ్ బిల్డర్’ అర్హత మాత్రం మనిషిది. అతను కొలువు మారితే ఆ అర్హత కూడా అతనితోపాటే గేటు దాటి, కొన్నిసార్లు నేరుగా పోటీదారు దగ్గరికి వెళుతుంది. అక్కడా వాలు పదడుగులకు అంగుళమే.