పాప ఒక్కతే... సలహాలు వంద!

మనదగ్గర అడక్కుండానే దొరికేవి రెండు. ఒకటి, క్రికెట్ జట్టులో ఎవర్ని ఆడించాలో చెప్పే అభిప్రాయం. రెండోది, పసిబిడ్డను ఎలా పెంచాలో చెప్పే సలహా. మొదటిది టీవీ కట్టేస్తే ఆగిపోతుంది. రెండోది ఆగదు. లిఫ్టులో ఎదురవుతుంది. కూరగాయల బండి దగ్గర పలకరిస్తుంది. ఆటో ఎక్కితే అద్దంలోంచి చూసి మరీ వినిపిస్తుంది... 'సార్, పాపకి టోపీ పెట్టలేదేంటి?'

మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు. ఈ రెండున్నరేళ్లలో మా ఇంటికి వచ్చిన సలహాలన్నీ రాసి పెట్టుకుని ఉంటే ఏడాది పాటు వారం వారం ఒక శీర్షిక నడిపేయొచ్చు. చిత్రం ఏంటంటే, వాటిలో నూటికి తొంభై తొమ్మిది మా ఆవిడకే వచ్చాయి. నాకు వచ్చినవి రెండే. డైపర్లు ఎక్కడ చవకో ఒకటి, 'ఇక నిద్ర సంగతి మర్చిపో గురూ' అని ఇంకోటి. బిడ్డ ఇద్దరిదీ అయినా సలహా మాత్రం అమ్మకే! దాంతో పక్కన నిలబడి వినడం నా వంతయింది. వినగా వినగా ఒకటి అర్థమైంది. ఈ సలహాల్లో ప్రాణం నిలబెట్టేవీ ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. రెండూ అదే ప్రేమతో, అదే ధీమాతో వస్తాయి. చిక్కంతా అక్కడే.

రెండు నెలల సీనియర్లు

బుధవారం టీకాల రోజు. మా ఇంటి దగ్గర హెల్త్ సెంటర్‌లో పొద్దున తొమ్మిదింటికే బెంచీలు నిండిపోతాయి. 6 వారాలకి, 10 వారాలకి, 14 వారాలకి... ఇలా మూడుసార్లు పెంటావాలెంట్ కోసం వెళ్లాం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ - అయిదు జబ్బులకి కలిపి ఒకే సూది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు ఇన్ని జబ్బులకి ఇంత సులువుగా టీకా ఉండేది కాదు.

ఆ బెంచీ మీద నాకు నచ్చింది అక్కడి కబుర్లు. ఒకరు ఉర్దూలో, ఒకరు శ్రీకాకుళం యాసలో, ఒకరు అచ్చ తెలంగాణలో... అందరి ఒళ్లోనూ ఒక మూట. అక్కడ వయసుతో, చదువుతో పనిలేదు. మన బిడ్డ కన్నా రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఒళ్లో ఉంటే చాలు, ఆవిడ సీనియరే. 'సూది వేసిన చోట రుద్దకండి.' 'వేస్తుండగానే పాలు పట్టండి, ఏడుపు తొందరగా ఆగుతుంది.' 'రాత్రికి ఒళ్లు వెచ్చబడుతుంది. బరువుని బట్టి మందు ఎంత వెయ్యాలో ఇప్పుడే నర్సమ్మతో రాయించుకోండి.' 'కార్డు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, మా వాడు కార్డు నమిలేశాడు.'

ఒకమ్మాయి కళ్లనీళ్లతో బిడ్డ ఎడమ భుజం చూపించింది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ సూది దగ్గర పొక్కు లేచి చీము పట్టింది. ఏం పూయాలని అడిగింది. నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. 'ఏమీ పూయొద్దు! అది అలాగే వస్తుంది, అదే మానుతుంది, మచ్చ పడుతుంది.' ఒకావిడ తన పెద్దపిల్ల భుజం మీది మచ్చ చూపించింది. ఆ పిల్ల ముఖంలో భయం పోయింది. కరపత్రం చదివితే ఆ ధైర్యం వచ్చేది కాదు. ఇలాంటి సలహాలు ఎందుకు పనికొస్తాయంటే, చెప్పేవాళ్లకి ఆ భయం ఇంకా పచ్చిగా గుర్తుంటుంది.

అమ్మమ్మ మాట... నానమ్మ మాట

మా అత్తగారిది తెనాలి. మా అమ్మది మిర్యాలగూడ. పాప మూడో నెలలో ఇద్దరూ ఒకే ఇంట్లో పదిహేను రోజులున్నారు. కృష్ణకి అటు ఒక శాస్త్రం, ఇటు ఒక శాస్త్రం!

'వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తే మాటలు తొందరగా వస్తాయి' అన్నారు అత్తగారు. గలగలా మాట్లాడేవాళ్లని వసపిట్ట అనడం అలా వచ్చిందే మరి. 'తలకాయ గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు పెట్టాలి' అంది అమ్మ. నాలిక మీద తేనె, ముక్కులో నూనె చుక్క, కంటికి కాటుక, స్నానం కాగానే సాంబ్రాణి పొగ... జాబితా పెరిగింది.

వీటిని మా పిల్లల డాక్టరు ముందు పెడితే ఆయన నవ్వి, ఒక్కొక్కటీ విడదీశారు. ఏడాది నిండేదాకా తేనె వద్దు. అందులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్లని ఏమీ చెయ్యవు గానీ, పసివాళ్ల పేగుల్లో చేరి విషాన్ని తయారుచేస్తాయి. బోట్యులిజం అంటారు దాన్ని. ముక్కులో నూనె అసలే వద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. వస వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది కాబట్టి కంటికి వద్దు... పాదానికి దిష్టిచుక్క అంటారా, మీ సంతోషం! ఒంటికి నూనె రాసి మర్దన చెయ్యడం మంచిదే. తల్లి గుండెలకి హత్తుకుని పడుకోబెట్టుకోవడం మరీ మంచిది, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి అదే వైద్యం కూడా. ఆరు నెలలు నిండాక రాగిజావ బ్రహ్మాండం.

ఆవాల దిండు సంగతి డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు తేల్చింది. వీడియో కాల్‌లో దిండు కనబడగానే 'తీసెయ్ అన్నయ్యా' అని అరిచినంత పని చేసింది. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండూ మెత్తటి దుప్పట్లూ పక్కన ఉండకూడదు అని అక్కడ ఆస్పత్రిలోనే నూరిపోస్తారట. నిజానికి అక్కడా ఒకప్పుడు బోర్లా పడుకోబెట్టమనే చెప్పేవారు. నిద్రలో శిశుమరణాలు చూశాక మాట మార్చుకుని, 1994లో దేశమంతా ప్రచారం చేశారు.

అంటే మాట మార్చుకోవడం పెద్దవాళ్లకే కాదు, వైద్యులకీ తప్పదు. మా అమ్మ 'నాలుగో నెలలో నీకు అన్నం పెట్టా' అంటే మా ఆవిడ నోరెళ్లబెట్టింది. కానీ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెట్టమనేది అప్పట్లో డాక్టర్లు చెప్పిన మాటే! ఆరు నెలలూ తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది 2001లో. ఈ సంగతి చెప్పాక అమ్మ చిన్నబుచ్చుకోలేదు. 'అప్పుడు వాళ్లు చెప్పింది నేను విన్నా. ఇప్పుడు వీళ్లు చెప్పింది మీరు వినండి' అంది. ఇంతకన్నా మర్యాదగా తరాల గొడవని ఎవరు తీర్చగలరు?

పాలు సరిపోవడం లేదేమో!

కొన్ని మాటలు వినడానికి సలహాల్లా ఉంటాయి గానీ, తగిలేది మాత్రం దెబ్బలాగే. వాటిలో మొదటిది ఇది. పాప ఏడ్చింది - పాలు సరిపోవడం లేదేమో. నిద్రపోలేదు - పాలు సరిపోవడం లేదేమో. సన్నగా ఉంది - ఇంకేముంది, పాలే! చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగి, ఈ మాట అనేసి వెళ్లిపోతారు. రాత్రి రెండు గంటలకి మంచం మీద కూర్చుని ఏడ్చేది మాత్రం తల్లి. మా ఇంట్లో అలాంటి రాత్రులు వరసగా నాలుగు గడిచాయి.

డబ్బాపాలకి, సీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. కంపెనీలు చెయ్యకూడని ఆ ప్రచారాన్ని చుట్టుపక్కాలు పైసా తీసుకోకుండా చేసిపెడుతున్నారు!

అయిదో రోజు మా ఆవిడ ఆఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. పాపని చూసి ఏమీ అనలేదు. 'రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోంది?' అని మాత్రం అడిగింది. ఏడెనిమిది అంది మా ఆవిడ. 'మరి తాగకుండా ఎక్కణ్నుంచి పోస్తుందే పిచ్చిదానా!' అంది. మొదటివారం దాటాక రోజుకి ఆరుకి తగ్గకుండా గుడ్డలు తడుపుతూ, బరువు పెరుగుతుంటే బిడ్డకి పాలు అందుతున్నట్టే. పుట్టిన బరువు అయిదు నెలలకి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది సాధారణంగా. మొదటి నాలుగు రోజుల్లో కాస్త తగ్గడం మామూలే, రెండువారాల్లోపు తిరిగి వచ్చేస్తుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కానీ ఆ రోజు మా ఆవిడకి కావాల్సింది పుస్తకం కాదు. ఆ రోజు తను కడుపునిండా అన్నం తిని పడుకుంది.

నిజంగా పాలు పడని తల్లులూ ఉంటారు. వాళ్లు డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలు పడితే అదేమీ నేరం కాదు. దాన్నీ మనం తీర్పులా మాట్లాడతాం. అది కూడా మానేయాలి.

వాచ్‌మన్ భార్య చెప్పింది

పాపకి పదో నెల. వానలు మొదలైన రోజులు. పొద్దుట్నుంచీ నీళ్ల విరేచనాలు. సాయంత్రానికి మా గుమ్మంలో చిన్న సభ జరిగింది. 'పళ్లొస్తున్నాయి కదా, మామూలే' అన్నారొకరు. 'పాలు ఆపేయండి, అరగడం లేదు' అన్నారింకొకరు. 'నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి' అన్నారు మూడో వారు.

మా వాచ్‌మన్ భార్య మెట్లు తుడవడానికి పైకి వచ్చి, చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ ఎవరి మాటల్లోనూ కలగజేసుకునే మనిషి కాదు. ఆ రోజు కలగజేసుకుంది.

'పాలు బంద్ చెయ్యకుండ్రమ్మా. మా పెద్దోనికి గిట్లనే అయితే పండ్లొస్తున్నయ్ అన్నరు. నీళ్లు తాపొద్దన్నరు. పాలు గూడ బంద్ పెట్టినం. మూడొద్దులకే పోయిండు.'

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అంది. 'దుకాణంల పొడి పాకిటి అడుగుండ్రి సారూ. డబ్బల పోసిన తియ్యనీళ్లు ఇస్తరు, అది కాదు. ఆశమ్మ చెప్పింది నాకు, చిన్నోని అప్పుడు.'

నిజంగానే మందుల షాపు కుర్రాడు ముందు ఒక తియ్యటి డ్రింకు డబ్బా తీశాడు. పొడి ప్యాకెట్ కావాలని అడిగి తెచ్చాను. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం సగం కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. స్పూనుతో కొంచెం కొంచెంగా తాగించాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక రోజు దాటితే మిగిలింది పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. రాత్రంతా వంతులేసుకుని పట్టాం. తెల్లారి డాక్టరు చూసి 'ఇదే కొనసాగించండి' అని, పద్నాలుగు రోజులు జింకు రాశారు. పళ్లకీ విరేచనాలకీ సంబంధం లేదన్నారు. ఆ వయసులో చేతికందినవన్నీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి, అంతే. కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, గంటల తరబడి మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా మాత్రం ఇంట్లో ఉండొద్దు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఆ పొడి వెనక పెద్ద కథే ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, కలరా విజృంభించింది. సెలైన్ నిండుకుంది. దిలీప్ మహలనబిస్ అనే కుర్ర డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పెట్టించి, బంధువుల చేతే రోగులకి తాగించాడు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. 2022లో ఆయన పోయాక, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇక ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యే తియ్యనీళ్ల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అదే మాటని మా వాచ్‌మన్ భార్య అంతకుముందే, చీపురు చేత్తో పట్టుకుని, మా గుమ్మంలో చెప్పింది. ఆ మాటకి ఆవిడ కట్టిన మూల్యం ఎంతో తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

జల్లెడ పట్టండి

అన్నీ వినండి. వినడం వల్ల పోయేదేమీ లేదు. వినగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ మాట తప్పయితే బిడ్డకి జరిగే నష్టమెంత? దిష్టిచుక్క తప్పయినా పోయేది లేదు. ముక్కులో నూనె, ఇంట్లో మిగిలిన దగ్గు సిరప్ అలా కాదు, వాటికి డాక్టర్ని అడగాల్సిందే. రెండు, చెప్పేవాళ్లు మన బిడ్డని చూసి చెబుతున్నారా, లేక వాళ్ల బిడ్డని గుర్తుచేసుకుని చెబుతున్నారా? ఈ రెండు కన్నాల జల్లెడలో చాలా తౌడు రాలిపోతుంది.

చెప్పేవాళ్లకీ ఒక మాట. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. పాప పుట్టి ఇంటికి వచ్చాక వారం రోజుల పాటు మధ్యాహ్నం పన్నెండింటికల్లా మా తలుపు కొట్టేవారు. చేతిలో క్యారియర్. ఒక గిన్నెలో సొరకాయ కూర, ఒక దాంట్లో చారు, పైన వేడి అన్నం. 'గిన్నెలు కడక్కమ్మా, అలాగే ఇచ్చెయ్' అని వెళ్లిపోయేవారు. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఒక్క సలహా ఇవ్వలేదు!

ఈ ఆదివారం ఎవరింటికైనా పసిబిడ్డను చూడ్డానికి బయల్దేరుతున్నారా? చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లండి. ముద్దులు పెట్టకండి. బిడ్డ ఎవరి పోలికో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆ తల్లిని 'నువ్వు తిన్నావా అమ్మా?' అని అడగండి. పక్కనే దిక్కులు చూస్తూ ఒక తండ్రి నిలబడి ఉంటాడు. వీలైతే అతనికో సలహా ఇవ్వండి... రాత్రి రెండు గంటలకి లేవాల్సింది నువ్వు కూడా అని!