వంతెన చప్పుడు

గోదావరి దాటేటప్పుడు బండిలో పరధ్యానంగా కూర్చునే తెలుగువాడు ఉండడనుకునేవాణ్ణి. పిల్లలు కిటికీకి అతుక్కుంటారు. పెద్దలు చేతులు జోడిస్తారు. ఆడవాళ్ళు చిల్లర తీస్తారు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే నేనే ఆ పని చేశానంటే సిగ్గుగా ఉంది.

నాన్నగారి అస్థికలు రాజమండ్రిలో కలిపిన దగ్గరనుంచీ మా అమ్మ విశాఖపట్నంలో బండి ఎక్కగానే ఒక రూపాయి బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుంటుంది. అది ఆయన పేర గోదారమ్మకు. ఇప్పుడామెకు చూపు బాగా మందగించింది. పోయిన మాఘమాసంలో బెజవాడ పెళ్ళికి వెళుతున్నాం. నేను పుస్తకంలో పడ్డాను. కాసేపటికి, "ఒరే నాయనా, వంతెన ఇంకా రాలేదుట్రా?" అన్నది. తలెత్తి చూద్దును గదా, కొవ్వూరు!

పాపం, ఆమె చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నది. ఆ చెవిలో ఉన్నది పాత వంతెన చప్పుడు.

ఆ వంతెన లేని రోజుల్లో రైలు గట్టు దగ్గర ఆగిపోయేది. జనం పడవల్లో ఏరు దాటి అవతల బండి ఎక్కేవారు. 1897 నవంబరు 11న పని మొదలుపెట్టి, 1900 ఆగస్టు 30న వంతెన మీద బండ్లు నడిపారు. చెన్నపట్నం గవర్నరు హేవలాక్ దొర పేరు దానికి పెట్టారు. కట్టించిన ఇంజనీరు వాల్టన్, కాశీలో గంగమీద డఫరిన్ వంతెన కట్టినవాడే.

ఇసుక ఏటిలో పునాది ఎలా నిలుస్తుందంటారా? నూతివంటి కట్టడం కట్టి లోపలి ఇసుక తోడేస్తుంటే అది తన బరువుతోనే కిందికి దిగుతుంది. గట్టినేల తగిలాక దాన్ని పూడ్చి, పైన స్తంభం లేపుతారు. అలాంటి రాతి స్తంభాలమీద నూటయాభై అడుగుల ఉక్కు దూలాల వరసలు 56 పరిచారు. మైలున్నర పొడుగునా బండి ఎక్కిందంటే ఆ ఇనుమంతా ఒక్కసారి మోగేది. నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

1974లో కింద రైలు, పైన రోడ్డుగా రెండో వంతెన వచ్చింది. 1997లో పాతదానికి విశ్రాంతి ఇచ్చారు. మేము దాటినది దాని పక్కనే కట్టిన మూడోది. 28 కాంక్రీటు విల్లులు. విల్లు కొసలు విచ్చుకోకుండా నారి పట్టి ఉంచినట్టు, కింది దారే వాటిని పట్టి ఉంచుతుంది. చూడటానికి ఎంతో అందం. కాని కాంక్రీటు ఇనుములా మోగదు. పైగా మాది ఏసీ పెట్టె, కిటికీ తెరుచుకోదు.

అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. బిళ్ళ మాత్రం గుప్పిట్లోంచి తీయలేదు. పెళ్ళిలో అక్షతలు వేసేటప్పుడు కూడా అది ఎడమచేతిలోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగి, ఆటోలో పుష్కరాల రేవుకు తీసుకువెళ్ళాను. మెట్టుమీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టింది.

"పాతది ఉందిట్రా?"

"ఉందమ్మా. దానిమీద బండ్లే లేవు."

బిళ్ళ కళ్ళకద్దుకుని వదిలింది. "ఇక్కడ చప్పుడుతో పనేముందిరా, నీళ్ళు కాలికి తగులుతున్నాయిగా!" అన్నది.

ఇప్పుడు నేను ఒంటరిగా వెళుతున్నా సరే, రాజమండ్రి వస్తోందంటే పుస్తకం మూసేస్తాను.