వరల్డ్‌కాన్‌లో నేనూ, మా అమ్మాయీ

మొన్న ఆగస్టులో మూడు రోజులు ఇంటిని మా వారికి అప్పజెప్పి, మా అమ్మాయితో కలిసి సియాటిల్లో జరిగిన వరల్డ్‌కాన్‌కి వెళ్ళొచ్చాను. "అదేంటి, కొత్త గుడా?" అని అడిగిన స్నేహితురాళ్ళకి ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందరికీ కలిపి ఒకసారి రాసేస్తే ఆ పని అయిపోతుంది.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలంటే ప్రాణం పెట్టేవాళ్ళంతా ఏడాదికోసారి ఒక ఊళ్ళో కలుసుకునే సభ అది. 1939లో న్యూయార్కులో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నాలుగేళ్ళు ఆగింది తప్ప, ఏటా జరుగుతూనే ఉంది. 2023లో చైనాలోని చెంగ్డూలో, 2024లో గ్లాస్గోలో అయింది. సియాటిల్‌కి ఇంతకు ముందు వచ్చింది 1961లో. అంటే మా అత్తయ్యగారు చందమామ చదువుకుంటున్న రోజుల్లో అన్నమాట. మళ్ళీ 64 ఏళ్ళకి వచ్చింది, అదీ మా రెడ్మండ్ నుంచి బస్సెక్కితే చేరిపోయేంత దగ్గరకి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, దీన్ని ఏ కంపెనీవాళ్ళూ నడపరు. అభిమానులే జీతం భత్యం లేకుండా చేస్తారు. మన వినాయక చవితి పందిరి కమిటీ లాంటిదే, కాకపోతే కొన్ని వేలమందికి. టికెట్ అనరు, సభ్యత్వం అంటారు. హ్యూగో అవార్డులని వింటుంటాం కదా, వాటిని ఇచ్చేది పెద్దమనుషుల కమిటీ కాదు. సభ్యులు ఓట్లేసి ఇస్తారు. ఇంట్లో కూర్చుని నవలలు చదివే ఆవిడ ఓటుకి, ప్రొఫెసర్ గారి ఓటుకి ఒకటే విలువ.

అసలు మా అమ్మాయి వెళ్దామనుకున్నది తన స్నేహితురాలితో. ఆ పిల్లకి ఆఖరి నిమిషంలో ఏదో అడ్డం వచ్చింది. "నువ్వు వస్తావా అమ్మా?" అంది, అంత ఆశ లేకుండానే. దానికి పదిహేడు నిండాయి, సెప్టెంబరులో కాలేజీకి వెళ్ళిపోతుంది. ఈమధ్య అది నన్ను రమ్మన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వస్తానన్నాను.

నేనూ కథలు రాస్తానని మీలో కొందరికి తెలుసు. వెబ్ పత్రికల్లో ఓ పదకొండు వచ్చాయి. వాటిలో నాలుగైదు ఇలాంటి మాయల కథలే. మా అమ్మాయి వాటిలో ఒక్కటీ చదవలేదు. తెలుగు మాట్లాడుతుంది, అర్థమవుతుంది, చదవడం రాదు. వీకెండ్ తెలుగు బడికి రెండేళ్ళు వెళ్ళి, గుణింతాల దగ్గర ఆపేసింది. "అమ్మ రాస్తుంది" అని దానికి తెలుసు, "అమ్మ ఊరగాయ పెడుతుంది" అని తెలిసినట్టు. ఇంట్లో ఒక మనిషి రాసింది ఆ ఇంట్లోనే పుట్టిన మనిషికి అందదంటే ఎలా ఉంటుందో, ఈ దేశంలో తెలుగులో రాసే ఆడవాళ్ళందరికీ తెలుసు. దాని గురించి మేము పెద్దగా మాట్లాడుకోం.

మేం మొదలుపెట్టిన రోజు పదిహేనో తారీకు, శ్రావణ శుక్రవారం. తెల్లవారుజామునే లేచి దీపం పెట్టి, పులిహోర కలిపి డబ్బాల్లో సర్ది, కట్టుకున్న పట్టుచీరతోనే 545 బస్సెక్కేశాను. మా అమ్మాయి కాళ్ళకి బూట్లు, భుజాన అట్టముక్కలతో తనే చేసుకున్న కవచం. మా ఎదురు సీటాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి నా వైపే కాస్త ఎక్కువసేపు చూశాడు. కన్వెన్షన్ సెంటర్లో అయితే ఒకావిడ ఏకంగా వచ్చి, "మీ కాస్ట్యూమ్ చాలా బాగుంది, ఏ కథలోది?" అంది. మా అమ్మాయి మొహం ఎర్రబడింది. నేను "ఇది వేషం కాదండీ, శుక్రవారం" అన్నాను. శుక్రవారం అంటే ఏంటో విడమరిచి చెప్పేసరికి ఆవిడ అక్కడే నిలబడి అంతా విని, వరలక్ష్మి కథ కూడా చెప్పించుకుని వెళ్ళింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. మా అమ్మాయికి మాత్రం సాయంత్రం దాకా కనిపించింది.

లోపల ఎలా ఉంటుందంటారా? తిరునాళ్ళే. ఒక గదిలో అంగారకుడి మీద ఇళ్ళు కట్టడం గురించి చర్చ. పక్క గదిలో మంత్రాలకి కట్టుబాట్లుండాలా అక్కర్లేదా అని వాదన. ఇంకో చోట ఫిల్క్ అని, ఈ కథల మీద కట్టుకున్న పాటలు గిటార్లతో పాడుకుంటుంటారు. కింద అంగళ్ళ హాలు: పుస్తకాలు, నగలు, డ్రాగన్ బొమ్మలు. మెడలో వేసుకునే బ్యాడ్జీకి రంగురంగుల రిబ్బన్లు ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోతారు. కొందరికి అవి మోకాళ్ళ దాకా వచ్చేశాయి. అన్నిటికంటే నా మనసు లాగింది, చర్చలు వింటూ అల్లిక అల్లుకునే ఆడవాళ్ళు. ప్రతి గదిలోనూ నలుగురైదుగురు ఉన్నారు, అరవై దాటినవాళ్ళే ఎక్కువ. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, మధ్యలో తలెత్తి గ్రహాంతరవాసుల జీవశాస్త్రం మీద ఒక ప్రశ్న వేసి మళ్ళీ అల్లికలో పడిపోతారు.

ఇలాంటి సభలకి పాతకాపులు చెప్పే లెక్క ఒకటుంది. రోజుకి ఐదు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం, వీటికి తగ్గకూడదట. విని నవ్వొచ్చింది. చంటిపిల్ల తల్లికి ఈ మూడూ ఒకేరోజు దొరికితే అది పండగ కాదూ!

ఈ ఏడు గౌరవ అతిథుల్లో మార్తా వెల్స్ ఒకరు. ఆవిడ మర్డర్‌బాట్ కథలు మా ఇంట్లో అరిగిపోయాయి. ఈ ఏడాదే ఆపిల్ టీవీలో సీరీస్‌గా కూడా వచ్చాయి. అందులో కాపలా కోసం అద్దెకిచ్చే ఒక రోబో ఉంటుంది. తనని అదుపులో పెట్టే పరికరాన్ని తనే పనిచేయకుండా చేసుకుంటుంది. అలా స్వేచ్ఛ దొరికాక ఏం చేసిందయ్యా అంటే, ప్రపంచాన్ని జయించలేదు, సీరియళ్ళు చూస్తూ కూర్చుంది! నన్నెవరూ పలకరించకపోతే చాలు, నా సీరియల్ నన్ను చూసుకోనివ్వండి అంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు సద్దుమణిగాక సోఫాలో కూలబడే ఏ ఇల్లాలికైనా ఈ రోబో పరాయిది కాదు. ఇంకో అతిథి బ్రిజెట్ లాండ్రీ. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసిన ఇంజనీరు, వేషాలు కుట్టడంలోనూ అందెవేసిన చెయ్యి. ఆవిడ గురించి చదివి మా అమ్మాయి "చూశావా, రెండూ చెయ్యొచ్చు" అంది నాతో. అది నాకు చెప్పిందో, తనకి తను చెప్పుకుందో తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం అనువాదాల మీద ఒక చర్చకి వెళ్ళాం. నేను వెనక వరుసలో కూర్చుందామన్నాను, అది మూడో వరుసలో కూర్చోబెట్టింది. మాటల్లో చైనా నవల 'త్రీ బాడీ ప్రాబ్లెమ్' వచ్చింది. లియు సిషిన్ రాసిన ఆ నవలని కెన్ లియు ఇంగ్లీషులోకి తెచ్చాడు. 2015లో దానికి హ్యూగో వచ్చింది. అనువాద నవలకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 1953 నుంచి ఇస్తున్న బహుమతి అది, ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. నేను మనసులో కాశీమజిలీలు, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె, అన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను. 1957లోనే శశిరేఖ అభిమన్యుణ్ణి పెట్టెలో చూసుకుంది కదా, మనకి వీడియో కాల్ కొత్తా అని.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. నా పక్కన చెయ్యి లేచింది. "మా అమ్మ తెలుగులో ఫాంటసీ కథలు రాస్తుంది. అవి ఎవరు చదవాలన్నా ముందు ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది మా అమ్మాయి, ఇంగ్లీషులో, గది అంతటికీ వినపడేలా. కొందరు వెనక్కి తిరిగి చీరలో ఉన్న నన్ను చూశారు. శనివారం కూడా చీరే కట్టుకున్నాను, శుక్రవారం మర్యాద చూశాక. వేదిక మీది ఆవిడ నవ్వి, చిన్న కథ ఒకటి ఎంచుకోమని, అనువాదాలు తీసుకునే పత్రికలు ఉన్నాయని, రెండు భాషలూ ఒకరికే బాగా రావాలని లేదు, ఇద్దరు కలిసి కూడా చేస్తారని చెప్పింది. నాకు చెవుల్లో హోరు. సగమే విన్నాను. అది నన్ను కథలు రాసే మనిషిగా పరిచయం చేయడం అదే మొదలు.

ఆ రాత్రి హ్యూగోల పండగ. రాకెట్ బొమ్మ ఇస్తారు, దాని కింది పీఠం ఏ ఏటికి ఆ ఏడు కొత్తగా చేయిస్తారు. ఈసారి ఉత్తమ నవల రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ రాసిన 'ది టెయింటెడ్ కప్'. ఈ ఏటికి ప్రత్యేకంగా ఒక కవితకి కూడా బహుమతి పెట్టారు. మేము చప్పట్లు కొట్టి కొట్టి, ఆలస్యంగా బస్సెక్కాం. బస్సు 520 వంతెన మీదికి ఎక్కాక, చీకట్లో సరస్సు వైపు చూస్తూ "చిన్న కథ అంది కదా, నీ దాంట్లో చిన్నది ఏది?" అనడిగింది.

నాలుగేళ్ళ కిందటి రుబ్బురోలు కథ చెప్పాను. ఒక ఇంట్లో పాత రుబ్బురోలు ఉంటుంది. పొత్రం తిరుగుతున్నప్పుడు దాని దగ్గర ఎవరేం మాట్లాడినా దానికి గుర్తుండిపోతుంది. మళ్ళీ తిప్పినప్పుడు, చెవి పెట్టి వినేవాళ్ళకి ఆ మాటలు వినిపిస్తాయి. కొత్త కోడలు పిండి రుబ్బుతూ ఒక్కొక్కటీ వింటుంది. వదిన గారి గొణుగుడు, పనిమనిషి పాట, ఎప్పుడో పోయిన అత్తగారి నవ్వు. చివర్లో ఒక రాత్రి మాట వినిపిస్తుంది. అత్తగారు తన తల్లి చావుబతుకుల్లో ఉందని, పుట్టింటికి పంపమని మామగారిని అడగడం, ఆయన వీల్లేదనడం. కథ అక్కడ ఆగిపోతుంది. అది పత్రికలో వచ్చినప్పుడు చాలామంది మెచ్చుకున్నారు. మా అమ్మమ్మ రోలు గుర్తొచ్చింది, గారెల రుచి గుర్తొచ్చింది అని రాశారు.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అమ్మా, తిప్పుతున్నప్పుడే కదా అది వినేది?"

"అవును."

"మరి అది రాత్రి. రాత్రిపూట పిండి ఎవరు రుబ్బుతున్నారు?"

నేను మాట్లాడలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది.

"ఆవిడే. ఆవిడకి తెలుసు అది వింటుందని. ఖాళీ రోలు కావాలనే తిప్పుతూ అడిగింది ఆయన్ని. తర్వాత ఎవరో ఒకరు వింటారని." నా వైపు తిరిగింది. "కదా?"

ఆ ఒక్క సంగతి కోసమే నేను ఆ కథ రాశాను. నాలుగేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. అక్షరాలు రాని పిల్ల, బస్సులో, సగం ఇంగ్లీషులో చెప్పిన కథ విని పట్టుకుంది.

ఆదివారం సభకి మధ్యాహ్నం దాకే ఉన్నాం. అల్లిక ఆవిడొకరు మిగిలిన పులిహోర తిని, ఆ పోపు గింజలేంటో రాసిమ్మంటే రాసిచ్చాను. ఇంటికి రాగానే మా వారు, "వంటగది యుద్ధభూమిలా ఉంది, ముందే చెప్తున్నా" అన్నారు. నిజంగానే ఉంది. వదిలేసి నేనూ అదీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. నేను చదువుతూ ఉంటే అది ఇంగ్లీషులో టైపు చేస్తుంది. పొత్రానికి మాట దొరకలేదు, అలాగే ఉంచేశాం. పుట్టిల్లు అనే మాట దగ్గర అరగంట పట్టింది. అమ్మానాన్నల ఇల్లు అని రాస్తే సరిపోదా అంటుంది. సరిపోదని నాకు తెలుసు, ఎందుకో చెప్పడానికే అంతసేపు.

అన్నిటికంటే పెద్ద గొడవ అత్తగారి దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో అంత పొడుగు మాట పేరా పేరాకీ పడుతుంటే బాలేదు, ఆవిడకి ఒక పేరు పెట్టు అంటుంది. నేను పెట్టనంటాను. ఆ ఇంట్లో ఆవిడని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు, కథలో మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? పంచాయితీ తెనాలి దాకా వెళ్ళింది. అత్తయ్యగారు ఫోన్లో అంతా విని, "మా అత్తగారి పేరు నాకు పెళ్ళైన పదేళ్ళకి రేషను కార్డు మీద చూస్తే తెలిసిందమ్మా" అన్నారు. మా అమ్మాయి "వాట్!" అని అరిచి, ఆ పేరేంటో కనుక్కుని, తర్వాత ఏమీ అనకుండా కూర్చుంది.

ఇప్పుడది హాస్టల్లో ఉంది. ఆదివారాలు పొద్దున్నే ఫోన్ చేసి ఫైలు తెరుస్తుంది. అత్తగారి పేరు రావలసిన చోటల్లా ఒక గీత గీసి ఖాళీ వదిలేస్తున్నాం. ప్రస్తుతం మూడో పేజీలో ఉన్నాం.