చెప్పులు విప్పమన్నవాళ్ళు లేరు

మా ఆయన లారీ డ్రైవరు. తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వచ్చే ఉల్లిపాయల లోడ్లు, ఇక్కణ్ణుంచి వెళ్ళే బియ్యం లోడ్లు తోలేవారు. షుగర్ బయటపడి పన్నెండేళ్ళు దాటింది. మాత్రలు ఏనాడూ మానలేదు. రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకునేవారు. డాక్టరుగారు కాగితంలో అంకె చూసి మాత్ర మార్చేవారు, లేదంటే అదే వాడమనేవారు. ఇన్నేళ్ళలో ఎందరి దగ్గరికి వెళ్ళినా, ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని చెప్పులు విప్పి కాలు చూపించమనలేదు. నా బాధంతా దాని గురించే. ఇది రాస్తున్నదీ అందుకే.

కాళ్ళు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాయి. మొదట అరికాళ్ళు మంటలు. రాత్రిళ్ళు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. ఇంజను వేడికి డ్రైవర్లందరికీ ఉండేదేనని తోటివాళ్ళు అన్నారు. తర్వాత పాదాలకు చెమట పట్టడం మానేసింది, చర్మం ఎండి మడమలు బీటలు వారాయి. ఇంకొన్నాళ్ళకు మంటలు వాటంతటవే తగ్గిపోయాయి. నరం దెబ్బతింటున్నప్పుడు మండుతుందని, పూర్తిగా పోయాక ఆ మంట కూడా ఉండదని అప్పటికి మాకు చెప్పినవాళ్ళు లేరు. ఒకసారి క్లీనరు కుర్రాడు ఇంటికొచ్చి, "పిన్నీ, బాబాయి బ్రేకు మీద కాలుందో లేదో వంగి చూసుకుంటున్నాడు" అన్నాడు. ఆ మాటకు నాకు గుండె జారింది. డాక్టరుగారితో చెబితే బలానికి మాత్రలు రాశారు.

ఆ యేడు కార్తీకంలో ఎప్పటిలాగే అయ్యప్ప మాల వేసుకున్నారు. మండలం రోజులూ కాలికి చెప్పుండదు. ఒక రాత్రి భజన నుంచి వచ్చి పీఠం దగ్గర దణ్ణం పెట్టుకుంటున్నారు. వీధి గుమ్మం నుంచి పీఠం దాకా నేల మీద ఎర్రటి మరకలు. కుంకుమ తొక్కారనుకున్నాను. తుడవబోతే తడిగా ఉంది. "స్వామీ, ఒకసారి కాలు చూపించండి" అన్నాను. కుడికాలి చిటికెన వేలి కింద గాజుపెంకు దిగి ఉంది. నేను దాన్ని బయటకు లాగుతుంటే ఆయన ఆ రోజు భజనకు ఎవరెవరొచ్చారో చెబుతూనే ఉన్నారు. గొంతు కూడా తడబడలేదు.

ఆర్‌ఎంపీగారు కడిగి కట్టు కట్టారు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి లేదు గనక ఆయన ఆ కాలి మీదే నడిచారు. నొప్పి ఉన్న మనిషైతే కుంటుతాడు, మంచం మీద పడుకుంటాడు, కాలికి విశ్రాంతి దొరుకుతుంది. వారం తిరక్కుండానే పాదం వాచింది, వేలు నల్లబడింది, గదిలో వాసన మొదలైంది. చలిజ్వరం వచ్చింది. ఇంట్లో మీటరు పెట్టి చూస్తే అంకె కూడా రాలేదు, 'హై' అని చూపించింది. ఆ రాత్రే ఏలూరు తీసుకెళ్ళాం.

సర్జన్‌గారు సన్నటి లోహపు పుల్లను పుండులోకి నెమ్మదిగా దించారు. అది గట్టిదానికి తగిలి ఆగింది. "ఎముక దాకా వెళ్ళిందమ్మా" అన్నారు. ఎక్స్‌రే తీశారు, కాలికి రక్తం ఎలా పారుతోందో డాప్లర్ పెట్టి చూశారు. రక్తం పాదం దాకా వస్తోంది కాబట్టి పాదం నిలబెట్టగలమని, చిటికెన వేలు, దాని వెనకాల ఎముక మాత్రం తీసేయాలని చెప్పారు. ఆపరేషన్ ముందు రోజు గురుస్వామి ఆసుపత్రికి వచ్చి మంత్రం చదివి మాల తీశారు. వేలు తీసేస్తారన్నప్పుడు చలించని మనిషి, మెడలోంచి మాల వెళ్ళిపోతుంటే వెక్కివెక్కి ఏడ్చారు.

అసలు కష్టం కట్లు మార్చే గదిలో చూశాను. రోజు విడిచి రోజు చచ్చిన కండను బ్లేడుతో కోసి తీసేవారు. మత్తు అక్కర్లేదు. ఆయన తలగడకు ఆనుకుని కూచుని తన కాలిని కోస్తుంటే చూసేవారు. పక్క మంచాల వాళ్ళూ అంతే. అంతమందికి అన్ని కోతలు, ఆ గదిలో ఒక్క అరుపు లేదు. అంతటి భయం నేను ఏ ఏడుపులోనూ ఎరగను. వేలు తీసిన చోట మళ్ళీ చీము పట్టి పక్క వేలు కూడా తీశారు. నా గాజులు, పెద్దమ్మాయి పెళ్ళికని దాచిన గొలుసు తాకట్టుకు వెళ్ళాయి.

రెండో ఆపరేషన్ పుండు కాస్త ఎర్రగా మాంసం పడుతున్నప్పుడు, ఒక నర్సమ్మ నైలాన్ దారం బిగించిన చిన్న పుల్ల పట్టుకొచ్చింది. పది గ్రాముల బరువు పడగానే ఆ దారం వంగుతుందట. "బాబాయిగారూ, కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. బొటనవేలి కింద ఆనించింది. దారం వంగింది. ఆయన ఏమీ అనలేదు. పాదం మధ్యలో ఆనించింది, పక్కన ఆనించింది, మడమకు ఆనించింది. తర్వాత దెబ్బ తగలని ఎడమకాలు మొదలుపెట్టింది. అక్కడా అంతే. కాసేపటికి ఆయన కళ్ళు తెరవకుండానే, "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?" అన్నారు. ఆ పిల్ల నా వంక చూసింది. నేను గోడ వైపు తిరిగాను. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టిందేమో. మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఇదే పరీక్ష అంతకు ముందు ఏ ఏడాదైనా ఒక్కసారి జరిగుంటే ఆయన మాల వేసుకునేవారే, చెప్పు వదిలేవారు కాదు.

సర్జన్‌గారు విడమరిచి చెప్పారు. ఎక్కువ చక్కెరతో పారే రక్తం ముందు సన్నటి నాళాలను పాడుచేస్తుంది. నరాలకు తిండి అందేది వాటి నుంచే. ఒంట్లోకెల్లా పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవి కాబట్టి మొదట అవి పోతాయి. కాపలా కుక్కను చంపాక దొంగ ఎప్పుడొచ్చినా ఇంట్లోవాళ్ళకు మెలకువ రాదు, మీవారి కాలు అలా ఉందమ్మా అన్నారు. అలాంటి సన్నటి నాళాలే కంటి వెనక రెటీనాలో, కిడ్నీ వడపోతలో ఉంటాయట. "కాలు ఇలా ఉందంటే ఆ రెండూ చూపించాల్సిందే" అన్నారు.

చూపు బాగానే ఉందని ఆయన వాదించారు. అరఫర్లాంగు దూరంలో నంబరు ప్లేటు చదివే మనిషి. కంట్లో చుక్కలు వేసి పాప పెద్దదయ్యాక చూస్తే, రెండు కళ్ళలోనూ రెటీనా మీద పిచ్చి రక్తనాళాలు మొలిచాయి. అవి చిట్లితే కంట్లో రక్తం నిండుతుందన్నారు. లేజర్ చేశారు. అది పోయిన చూపు తేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. లేజర్ తర్వాత ఆయనకు చీకట్లో, పక్కల నుంచి వచ్చేవి సరిగ్గా ఆనడం లేదు. రాత్రి బండి అక్కడితో ఆగింది.

మూత్రంలో అల్బుమిన్ 30 లోపు ఉండాల్సింది 412 వచ్చింది. క్రియాటినిన్ మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. మేమెప్పుడూ ఆ క్రియాటినిన్ చూసుకునే ధైర్యంగా ఉండేవాళ్ళం. కిడ్నీ పని చాలామటుకు తగ్గితే గాని ఆ అంకె పెరగదట. మూత్రంలో ప్రోటీన్ పోవడం అంతకు చాలా ముందే కనబడుతుంది. బీపీ మాత్ర మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. నడుం నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు ఇక ముట్టుకోవద్దన్నారు. లారీ డ్రైవర్ల జేబుల్లో ఆ మాత్రలు బీడీలతో పాటు ఉంటాయి.

గుండె సంగతి నాకు నిద్ర లేకుండా చేస్తోంది. నరాలు పోయినవాళ్ళకు గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి రాకపోవచ్చట. ఒట్టి ఆయాసం, చెమట. రాత్రి ఆయన అటు ఇటు దొర్లినా లేచి నుదురు తడిమి చూస్తాను.

మా చిన్నమ్మాయి రాజమండ్రిలో బీఎస్సీ నర్సింగు చదువుతోంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధన గురించి తన పుస్తకంలో ఉంటే చదివి చెప్పింది. షుగర్ కనిపెట్టే నాటికే దాదాపు సగంమందిలో ఏదో ఒక అవయవం దెబ్బతిన్న గుర్తులున్నాయట. గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో కళ్ళు, కిడ్నీల లాంటి సన్ననాళాల నష్టం నాలుగో వంతు తగ్గిందట. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనేనని 2023లో ఐసీఎంఆర్ లెక్క వచ్చింది. అంతమంది కాళ్ళు చూసేదెవరని అడిగితే అమ్మాయి దగ్గర జవాబు లేదు.

మా ఇంట్లో నేనే చూస్తున్నాను. రాత్రి పడుకునే ముందు ఫోను లైటు వేసి రెండు పాదాలూ, వేళ్ళ సందులూ చూస్తాను. అరికాళ్ళకు కొబ్బరినూనె రాస్తాను, సందుల్లో రాయను, తడికి అక్కడ పాస్తుంది. స్నానం నీళ్ళు ముందు నా మోచేయి పెట్టి చూస్తాను. మేజోళ్ళు తెల్లవే కొంటాను, రక్తం మరక తెలుస్తుందని. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, బయటకు ఒక జత, ఇంట్లోకి ఒక జత. పుండు మానినవాళ్ళలో వందకు నలభైమందికి ఏడాదిలోపే మళ్ళీ వస్తుందని సర్జన్‌గారు హెచ్చరించారు. మాకు ఆ ఏడాది గండం గడిచింది.

ఇప్పుడాయన లారీ ఆఫీసులో లోడ్ల చీటీలు రాస్తున్నారు. జీతం సగానికి సగం తగ్గింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 10.8 ఉండేది 7.4కి దిగింది. మూత్రంలో 412 కాస్తా 260 అయింది. ఎడమ కంటికి ఇంకోసారి లేజర్ చేయాలన్నారు.

వచ్చే కార్తీకంలో మాల వేసుకుంటానంటున్నారు. షుగర్ ఉన్న స్వాములు చెప్పులు వేసుకోవచ్చని గురుస్వామి ఇప్పుడు మాల వేసేటప్పుడే అందరికీ చెబుతున్నారు. కొండ ఎక్కకుండా, మడమ పట్టీ చెప్పులతో దీక్ష చేసుకోవచ్చని సర్జన్‌గారూ అన్నారు. నేనింకా ఒప్పుకోలేదు.